ఎడమ పేజీలో రాసుకునే మనిషి

మొన్న ఒకామె మా గేటు దగ్గర నిలబడి, చేతిలో ఫోను పట్టుకొని, "మీ ఇంట్ల తాగే నీళ్ళు ఏవమ్మా? నల్లానా, ఫిల్టరా, క్యాన్లా?" అని అడిగింది. ఫిల్టరు అన్నాను. ఫోను మీద వేలితో నొక్కింది. ఎంతమంది అంది. ఆరుగురం అన్నాను. మళ్ళీ నొక్కింది. లోపలికి రమ్మంటే, "టైం లేదమ్మా, ఈ లైను మొత్తం చెయ్యాలె" అని పక్కింటికి పోయింది. పొయ్యి మీద ఏముందో చూడలేదు, నా వెనక ఎవరు నిలబడ్డారో చూడలేదు. ఆమె తప్పు కాదు, ఆమెకు చెప్పిన పని అంతే. కానీ గేటు వేసి వస్తుంటే, నలభై ఏళ్ళ కిందట ఇదే ఇంటి మెట్టు మీద కూర్చొని ఇదే ప్రశ్న అడిగిన ఇంకొకామె గుర్తుకొచ్చింది. ఈ ఒక్క ప్రశ్న కోసం ఆమె మా ఇంటికి ఎన్నిసార్లు తిరిగిందో చెప్పలేను.

ఆమె పేరు రాయను. తన పుస్తకంలో ఆమె మా ఎవరి పేర్లూ రాయలేదు. నేను మాత్రం ఎందుకు రాయాలి?

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వైపు నడిస్తే, జొన్న చేలన్నీ ప్లాట్లు అవుతున్నాయి. ఎటు చూసినా హద్దురాళ్ళు, ఇటుకల కుప్పలు, సగం లేచిన గోడలు. మా ఆయన ఆ ఇటుకల లారీయే నడిపేవాడు. మాది నల్లగొండ వైపు పల్లె. అక్కడి నీళ్ళు తాగి మోకాళ్ళు వంగిపోయినవాళ్ళు మా ఊళ్ళో ప్రతి వాడకట్టులో ఉన్నారు. అందుకని కొత్త చోటికి పోతే ముందు నీళ్ళు నాలుక మీద వేసుకొని చూడడం మాకు అలవాటు. తియ్యగా ఉంటే మంచి నీళ్ళు. పప్పు మెత్తగా ఉడికితే ఇంకా మంచి నీళ్ళు. అంతకుమించిన పరీక్ష మాకు తెలియదు.

మా లైన్లో నీళ్ళకు ఒక చేతి బోరింగు ఉండేది. ఆ నీళ్ళు ఉప్పన. పప్పు ఎంతసేపు ఉడికించినా గింజ గింజగానే ఉండేది, సబ్బు నురగ వచ్చేది కాదు. అయినా అందరం అవే తాగేవాళ్ళం, ఎందుకంటే సర్కారువాళ్ళు వేసిన బోరింగు అది. లైను చివర, మా మూలింటి వెనక, పాత మోటబావి ఒకటి మిగిలిపోయింది. పొలం అమ్మిన పటేలు బావిని పూడ్చకుండా వదిలేశాడు. దాని నీళ్ళు కొబ్బరి నీళ్ళలా ఉండేవి. ఊరి నుంచి తెచ్చుకున్న మా బర్రెకు ఆ బావి నీళ్ళే పెట్టేదాన్ని. ఆ బావి చుట్టూ కొత్త ఇండ్లవాళ్ళు ఇంటింటికీ లెట్రిన్ గుంతలు తవ్వారు. అది మాకెవరికీ పట్టలేదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక మా లైన్లో కామెర్లు మొదలయ్యాయి. ముందు ఎదురింటి వదినె కొడుకు పడ్డాడు, తరువాత ఇంకో ఐదారు ఇండ్లలో పిల్లలు. అప్పుడు, జబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడానికి ఒక ముగ్గురు వచ్చారు. ఒకాయన డాక్టరు, కండ్లు, గోళ్ళు చూసేవాడు. ఒకాయన నీళ్ళ ఇంజనీరు, సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయేవాడు. మూడోది ఆమె. సన్నగా, ఇస్త్రీ చెదిరిన నేత చీర, భుజాన గుడ్డ సంచి, చేతికి మగవాళ్ళ గడియారం. అది వదులై ఎప్పుడూ మోచేతి దాకా జారేది.

"వాళ్ళు సరే, నువ్వేం సూస్తవ్ బిడ్డా?" అన్నాను మొదటి రోజే.

"నేనేమీ చూడనండి పిన్నిగారూ. వాళ్ళిద్దరూ చూసింది ఎక్కడ చూశారో, ఎప్పుడు చూశారో రాస్తాను," అంది. కోస్తా మాట.

ఇదేం ఉద్యోగమో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని నేను మామూలుగా ఇంట్లోకి రానివ్వను. కానీ ఆమె వచ్చి గడప మీదే కూర్చుంది. "లే లే, గడప మీద కూసుంటరా ఎవరన్న?" అని కసిరాను. లేచి మెట్టు మీదికి దిగి, పుస్తకం తెరిచి ఏదో రాసుకుంది. ఏం రాశావంటే, "గడప మీద కూర్చుంటే మీరు కోప్పడ్డారని," అంది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

ఆమె రాసుకునే తీరు విచిత్రంగా ఉండేది. మేం చెప్పిన జవాబులు కుడి పేజీలో. ఎడమ పేజీలో మా ఇంటి సంగతి. ముందు గడియారం పైకి లాక్కొని టైము వేసేది. తరువాత ఇంట్లో ఎవరున్నారు, ఎవరు తలుపు వెనక ఉన్నారు, పొయ్యి మీద ఏముంది, ఎవరు చెప్తుంటే ఎవరు విన్నారు. అదంతా రాశాకే ప్రశ్న అడిగేది. ఎడమ పేజీ చాలాసార్లు సగమే నిండేది, మిగతాది తెల్లగా వదిలేసేది. ఆ కాగితం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

"చిన్నగ రాయరాదు బిడ్డా, రెండు ఇండ్లు ఒక్క పేజీల పడ్తయి."

"తర్వాత గుర్తొస్తే రాయడానికి చోటుండాలి కదండీ."

పెన్సిలు బ్లేడుతో చెక్కి, ఆ పొట్టు తన సంచిలోనే వేసుకునేది. మా వాకిట్లో ఒక్క ముక్క పడనిచ్చేది కాదు. ఆ సంగతి మాత్రం నాకు నచ్చింది.

నాదర్‌గుల్ నుంచి, విమానం నడపడం నేర్చుకునేవాళ్ళ చిన్న విమానాలు మా ఇండ్ల మీదుగా ఇల్లు అదిరేలా పోయేవి. ఒకసారి నేనేదో చెప్తుంటే విమానం పోయింది, ఆమె అది కూడా రాసింది.

"ఇమానం సుత రాస్తవా? దానికీ కామెర్లు ఒచ్చినయా?"

"అది వచ్చినప్పుడు మీరు మాట సగంలో ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టి వేరే సంగతి చెప్పారు. మొదటిదేమిటో నాకు ఇప్పుడు కావాలండీ."

మొదటిదేమిటో నాకే గుర్తు రాలేదు. ఆమె ఎదురుచూస్తూ కూర్చుంది. గుర్తొచ్చేదాకా లేవలేదు. ఇంతకీ అది బర్రె ఈనిన సంగతి.

మొదటి రోజు అడిగిన ప్రశ్న మాత్రం అందరినీ అడిగిందే. తాగే నీళ్ళు ఏవి? బోరింగువి, అన్నాను. మోటబావి నీళ్ళు ఎవరైనా తాగుతారా? "ఆ నీళ్ళు ఎవ్వలు తాగరు. బర్రెకే." లైన్లో అందరూ ఇదే చెప్పారు. ఎవరూ అబద్ధం ఆడలేదు. మా కోడలికి అప్పుడు ఆరో నెల. ఆమె కోడలి వైపు తిరిగి, "మీరేం తాగుతారమ్మా?" అని అడిగింది. కోడలు నోరు తెరిచేలోపు నేనే చెప్పాను, "బోరింగు నీళ్ళే. పగటిపూట ఒక గ్లాసు సల్ల ఇస్త, తాగుతది." సల్ల అంటే మజ్జిగే కదా అని ఆమె తలూపి రాసుకుంది. ఏ పేజీలో రాసుకుందో నేను చూడలేదు.

పది రోజులు పోయాక డాక్టరూ ఇంజనీరూ మా అరుగు మీదే వాదించుకున్నారు. డాక్టరు, "ఇది నీళ్ళతోని ఒచ్చే జబ్బే సార్, అనుమానం లేదు," అన్నాడు. ఇంజనీరు, "బోరింగు నీళ్ళు మూడుసార్లు పరీక్ష చేయించిన, మంచిగున్నయి. మోటబాయి మురికే, గని ఎవ్వరు తాగరని మీ ఫారాలే చెప్తున్నయి," అన్నాడు. ఒకరి కాగితాలు ఒకరు చూపించుకున్నారు. ఇద్దరివీ నిజమైన కాగితాలే. మధ్యలో ఆమె నా మెట్టు మీద కూర్చొని వింటోంది. డాక్టరుకు విసుగొచ్చి, "మేడం, మీ పుస్తకంల ఏమున్నది? వంకాయ కూర ఉన్నదా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. "ఉందండీ. జవాబు ఒక్కటే విడిగా పట్టుకెళితే దారిలో విరిగిపోతుంది. అందుకే వంకాయ కూరతో సహా పట్టుకెళుతున్నా," అంది.

నాకు ఆ మాట బాగా గుర్తుంది. పాలు విరగడం తెలిసినదాన్ని కాబట్టి కావచ్చు.

వాళ్ళు పోయాక, మర్నాడు మధ్యాహ్నం ఒక్కతే వచ్చింది. పుస్తకం నా ఒళ్ళో పెట్టింది.

"పిన్నిగారూ, ఎడమ పేజీలు ఒక్కసారి చదివి పెడతారా? ఎక్కడైనా తప్పు రాశానేమో చూడండి."

నేను మూడో తరగతి దాకానే బడికి పోయాను. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదవాలి. కోడలు అన్నం వండుతోంది. ఆమె నా పక్కన కూర్చొని, నేను చదివేదాకా ఒక్క మాట అందివ్వలేదు.

ఎదురింటి వదినె ఇల్లు. "మధ్యాహ్నం. పిల్లవాడు మంచం మీద. పొయ్యి మీద గంజి. గూట్లో చెంబుతో చల్ల, మూలింటి పిన్నిగారు పంపింది." మూలిల్లు అంటే మాదే. ఇంకో ఇల్లు. "సాయంత్రం. పాప నిద్ర. చల్ల గిన్నె, మూలింటిది." ఇంకోటి. మళ్ళీ మూలింటిది. కామెర్లు రాని ఇల్లొకటి, కోస్తా నుంచి వచ్చినవాళ్ళది. "పెరుగు కొంటారు. చల్ల పడదన్నారు." నా వేలు ఆగిపోయింది.

మా వైపు పాలు అమ్ముతాం, వెన్న కాచి నెయ్యి అమ్ముతాం, చల్ల మాత్రం అమ్మం. అడిగినా, అడక్కపోయినా పంచుతాం. ఊళ్ళో మా అత్త అట్లే చేసింది, ఇక్కడ నేనూ అట్లే చేశాను. ఎవరూ కొన్నది కాదు, ఎవరూ వండింది కాదు, కాబట్టి ఏం తాగుతారంటే అది ఎవరికీ గుర్తు రాలేదు. పైగా నేను పొదుపు మనిషిని. చిక్కగా ఇస్తే నాలుగిండ్లకే సరిపోతుంది, పలుచన చేస్తే లైనంతా అందుతుంది. బోరింగు నీళ్ళు పోస్తే చల్ల ఉప్పన అవుతుంది. అందుకని ప్రతి పొద్దున ఆ తియ్యటి నీళ్ళు, మోటబావి నీళ్ళు, బిందెతో తెచ్చి కలిపేదాన్ని. నేనే. నా చేతులతో.

"నీకు ముందే ఎరుకనా?" అన్నాను.

"చల్ల మీద అనుమానం ఉందండీ. అందులో ఏ నీళ్ళు కలుపుతారో నా పుస్తకంలో లేదు. డాక్టరు గారి ఫారంలో లేదు, ఇంజనీరు గారి సీసాలోనూ లేదు. అది మీకొక్కరికే తెలుసు."

కావాలంటే ఆమె ఆ మాట ముందు రోజు వాళ్ళిద్దరి ముందే అనొచ్చు. అనలేదు. నేను పుస్తకం మూసి ఆమె చేతికిచ్చాను. ఏ నీళ్ళో అప్పటికీ చెప్పలేదు. "పోయి రేపు రా," అన్నాను. వెళ్ళిపోయింది.

ఆమె అటు పోగానే నేను వంటింటి గుమ్మంలో నిలబడి కోడల్ని పిలిచాను. "నేనిచ్చే సల్ల రోజు తాగుతున్నవా?"

పిల్ల బెదిరి లేచి నిలబడింది. "తాగుతున్న అత్తమ్మ. రోజు తాగుతున్న."

"ఎన్నడన్న తప్పినవా?"

"లేదు అత్తమ్మ. ఒక్కనాడు తప్పలే."

 గర్భిణికి కామెర్లు వస్తే తల్లీ పిల్లా ఇద్దరూ దక్కరని మా ఊళ్ళో చూసిన సంగతి. మా ఆయనకూ కొడుక్కూ నాకూ ఏమీ కాలేదు, ఆ పుస్తకం ఆమె కూడా మా ఇంట్లో గ్లాసుడు తాగి బాగానే ఉంది. ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో డాక్టరుకే అంతు చిక్కలేదు. ఆ సాయంత్రం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి నడిచి పోయి వచ్చాను. దేవుణ్ణి ఏం అడగాలో తెలియక ఊరికే నిలబడ్డాను.

మర్నాడు కాలనీ సంఘం గదిలో అందరినీ కూర్చోబెట్టారు. గదికి స్లాబు పడింది గానీ సెంట్రింగు కర్రలు ఇంకా తీయలేదు. ఇటుకల మీద కూర్చున్నాం. డాక్టరు కాగితాలు విప్పబోతుంటే ఆమె ఆపింది. "ముందు పిన్నిగారిని అడుగుదామండీ. ఆవిడకు చెప్పాలనుంటే చెప్తారు."

చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. చల్ల పంచడం మానేస్తే సరిపోయేది. నేను లేచాను.

"సల్లల నేను కలిపేది మోటబాయి నీళ్ళు," అన్నాను. "మొదటి సంది అవే. బోరింగువి పోస్తే రుచి ఉండదని."

 ఎదురింటి వదినె అంది, మెల్లగానే అంది. "నా కొడుకు పదిహేను రోజులు మంచం పట్టిండు. నువ్వు రోజు ఒచ్చి సూసినవ్ వదినె. ఒచ్చినప్పుడల్ల వానికి సలవ చేస్తదని చెంబెడు సల్ల తెచ్చినవ్."

"తెచ్చిన," అన్నాను. 

వదినె తల వంచుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇంజనీరు లేచి, "మోటబాయి నీళ్ళు దేంట్ల కలుపుతరని నేను ఎవ్వరిని అడగలే," అన్నాడు. డాక్టరు తన ఫారం తిప్పి చూసుకొని, "నా ఫారంల సల్ల అనేదే లేదు మేడం," అన్నాడు, ఆమెతో. అక్కడే, ఆ ఇటుకల మీదే, ముగ్గురూ కలిసి ఫారం మళ్ళీ రాశారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇంటికి వచ్చే చల్ల, అంబలి, బియ్యం కడిగే నీళ్ళు, పండ్లు తోమే నీళ్ళు, ఏది ఎక్కడ రాయాలో నన్ను అడిగారు. పలుచన చేసినది, చిక్కగా ఇచ్చినది వేరు వేరుగా రాయాలని నేనే చెప్పాను. ఇంజనీరు ఆ వారమే బావి మీద రేకు వేయించాడు.

లేచేముందు డాక్టరు అడిగాడు. "మీ కోడలు తాగిందా?"

"రోజు తాగింది."

ఆయన ముఖం మారింది. "రేపు పొద్దుగాల రక్తం తీస్త. ఇయ్యాల్టి సంది కాగిన నీళ్ళే ఇయ్యండి," అన్నాడు.

ఇంటి దాకా ఆమె నా వెంట నడిచింది.  గేటు దగ్గర ఆగింది.

"పిన్నిగారూ, మీ కోడలు రోజూ తాగిందని మీకు ఎవరు చెప్పారు?"

"అదే చెప్పింది. నిన్న నేనే అడిగిన."

"ఎక్కడ అడిగారు?"

"వంటింట్ల."

"మీరు కూర్చొని అడిగారా, నిలబడా?"

ఇంత కష్టంలో ఇదేం ప్రశ్న అని ఒళ్ళు మండింది. "గుమ్మంల నిలబడి అడిగిన. అయితే ఏంది?"

"మొదటి రోజు నేను అడిగినప్పుడు కూడా జవాబు మీరే చెప్పారండీ. ఆ పిల్ల చెప్పిన మాట నా దగ్గర ఇప్పటికీ ఒక్కటి కూడా లేదు. ఈసారి కూర్చొని అడిగి చూడండి," అంది. లోపలికి రమ్మన్నా రాలేదు. గేటు బయట, ఇటుకల కుప్ప పక్కన నిలబడిపోయింది.

కోడలు వెనక గదిలో చాటలో బియ్యం ఏరుతోంది. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. చాట కొంచెం నా వైపు జరుపుకొని, నేనూ రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. అట్లా మేమిద్దరం కలిసి కూర్చోవడం అదే మొదలు. ఆమె ముఖం చూడకుండా అడిగాను.

"ఆ సల్లల కలిపిన నీళ్ళు మంచివి కావట. అందుకు అడుగుతున్న బిడ్డా. తాగినవా, లేదా? తాగకుంటే మంచిదే అయింది. నేనేమన."

చాలాసేపు బియ్యం మీద వేళ్ళు అట్లే కదిలాయి.

"ఏమనవు కదా అత్తమ్మ?"

"అనను."

"కుడితి తొట్టిల పోసిన."

"ఎన్నడు?"

"రోజు. నువ్వు గ్లాసు పెట్టి పండుకుంటవు కదా, అప్పుడు. ఆ వాసనకు కడుపుల తిప్పుతది అత్తమ్మ. నెల తప్పిన కాడి నుంచి ఒక్క గుక్క తాగలే. చెప్తే తిడతవని."

ఐదు నెలల చల్ల. మా బర్రె చల్ల మా బర్రే తాగింది. చెంచాడు నెయ్యి కింద ఒలికిందని ఆ పిల్లను మూడు రోజులు సాధించిన మనిషిని నేను.  చాటలో బియ్యం మసకగా కనబడ్డాయి. మర్నాడు డాక్టరు రక్తం తీస్తే ఏ జబ్బూ లేదని తేలింది గానీ, నాకు ఆ ఘడియలోనే తేలిపోయింది.

"మరి నీకు ఏం తాగబుద్ధయితది?" అన్నాను చివరికి.

పిల్ల తలుపు వైపు చూసి, నా వైపు చూసి, "చాయ్," అంది.

కడుపుతో ఉన్నదానికి చాయ్ ఏందని ఆ ఇంట్లో అప్పటిదాకా నేను పెట్టనివ్వలేదు. లేచి బోరింగు నీళ్ళు గిన్నెలో పోసి, తెర్లి తెర్లి మరిగేదాకా నిలబడి, చాయ్ పెట్టాను. మూడు గ్లాసులు పోశాను. ఒకటి నాకు ఉంచుకొని, ఒకటి కోడలికిచ్చి, మూడోది కూడా ఆ పిల్ల చేతిలోనే పెట్టాను.

"గేటు కాడ మేడం నిలబడ్డది. తీస్కపొయ్యి ఇయ్యి. అక్కడనే కూసోని తాగున్రి ఇద్దరు."

పిల్ల రెండు గ్లాసులూ పట్టుకొని వాకిట్లోకి పోయింది. కాసేపటికి ఇద్దరి మాటలూ వినబడ్డాయి, ఒకసారి నవ్వు కూడా. ఏం మాట్లాడుకుంటున్నారో వినాలని ఎంతో అనిపించింది. నేను మాత్రం వెనక గదిలోనే కూర్చొని, మిగిలిన బియ్యం ఏరుకున్నాను.